పియానోకి కరెంటు అక్కర్లేదు

మా మేనత్త ఇంట్లో సంగీతానికి రెండు నియమాలు ఉండేవి. మొదటిది, పాఠం ఎంత బాగా సాగినా, ఎంత అధ్వాన్నంగా సాగినా, చివర మధ్యమావతి పాడకుండా ఎవరూ చాప మీద నుంచి లేవకూడదు. కచేరీ ఆఖరున ఆ రాగం పాడితే అంతవరకూ దొర్లిన దోషాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయని పాటగాళ్ల నమ్మకం. అత్త ఆ నమ్మకాన్ని వేదిక మీద నుంచి చిత్తూరులోని తన ముందు గదిలోకి తెచ్చుకుంది. సరళీ స్వరాలు గొణిగిన పిల్లలు కూడా పోయే ముందు రవ్వంత మధ్యమావతి పాడాల్సిందే. "వాకిలి తీసినోళ్లే మూసి పోవాల" అనేది.

రెండో నియమం వివాదుల గురించి. స్వరాల్లో పక్కపక్కనే ఉండి ఒకదానికొకటి పడని జంటలు కొన్ని ఉన్నాయి. వింటే రెండు నిషాదాలో, రెండు గాంధారాలో ఒకేచోట ఇరుక్కున్నట్టు ఉంటుంది. అలాంటి జంట వచ్చే రాగాన్ని వివాది రాగం అంటారు. అది పాడితే ఇంటికి మంచిది కాదని, గొంతుకి అసలే మంచిది కాదని పాతకాలం గురువులు భయపెట్టేవాళ్లు. పెద్ద పెద్ద విద్వాంసులు వాటిని హాయిగా పాడుతున్నారు, ఒక్కరికైనా ఏమైనా అయిందా అని నేను వాదించేదాన్ని. అత్త వినేది కాదు.

"వాళ్లకేం మే, ఊరంత గొంతు. మనది ఉప్పుజాడీ అంత. పగిలితే ఇంగోటి యాడ తెచ్చేది?"

మా పల్లె ఐరాల దగ్గర. నాయనకి వ్యవసాయం తప్ప వేరే లోకం లేదు. నాకు పాట వచ్చేలా ఉందని కనిపెట్టి, ప్రతి సెలవులకీ చిత్తూరుకి లాక్కుపోయింది అత్తే. మామకి బెల్లం మండీ. ఆయనకి రాగం, తాళం, శ్రుతి ఏవీ తెలియవు. మధ్యాహ్నం మండీ నుంచి వచ్చేసరికి లోపల అత్త గొంతు వినబడితే చాలు, నడవాలో వాలు కుర్చీ వేసుకుని నిద్రపోయేవాడు. గొంతు ఆగితే మెలకువ వచ్చేది.

తొంభైల చివర్లో నాకు తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచరు ఉద్యోగం వచ్చింది. ప్రార్థన హాల్లో ఒక పాత పియానో ఉండేది. అంతకుముందు స్కూలు నడిపినవాళ్లు మోయలేక వదిలేసి పోయారట. చేరిన మొదటి వారమే హెడ్మిస్ట్రెస్ గారు దాన్ని చూపించి, "పాట వచ్చినవాళ్లకి ఇదొక లెక్కా?" అన్నారు. సైకిలు వచ్చినవాళ్లకి లారీ ఒక లెక్కా అన్నట్టు. నాకు ఒళ్లు మండింది కానీ, ఉద్యోగం కొత్త. తలూపాను.

నేర్పడానికి సూళ్లూరుపేట నుంచి ఒక సారు వచ్చేవారు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, వాళ్ల ఊరి చర్చిలో యాభై ఏళ్లుగా వాయిస్తున్న చేతులు. శనివారం శనివారం రైలెక్కి, గూడూరులో మారి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని దిగేవారు. స్కూలు ప్రార్థన గీతానికి బాణీ కట్టింది కూడా ఆయనే. ఇక మోకాళ్లు ఒప్పుకోవడం లేదని, వాయించే పని నాకు అప్పజెప్పి మానుకోవాలని ఆయన తొందర.

కార్డు అంటే రేషను కార్డు కాదని మొదట నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. మన సంగీతంలో స్వరం వెంట స్వరం నడుస్తుంది. వాళ్ల సంగీతంలో మూడు నాలుగు స్వరాలు గుంపుగా, ఒకేసారి మోగుతాయి. ఆ గుంపే కార్డు. పంచమం మీద కట్టే గుంపుని డామినెంట్ అంటారు. ప, ని, రి, మ కలిపి నొక్కితే పాట 'ఇక ఇంటికి పోదాం పద' అన్నట్టు ఉంటుంది. ఆ వెంటనే షడ్జమం మీద కార్డు వేస్తే ఇల్లు చేరినట్టు. ఇంతవరకూ నాకు పేచీ లేదు.

పేచీ ప్రార్థన గీతం ఆఖరి చరణంలో వచ్చింది. అక్కడ సారు మామూలు డామినెంట్ వేయలేదు. అందులోని పై స్వరాలను అరమెట్టు అటూ ఇటూ జరిపి ఒక కార్డు వేశారు. దాన్ని ఆల్టర్డ్ డామినెంట్ అంటారని చెప్పారు. పేరేదైనా కానీ, నా చెవికి వినిపించింది ఒక్కటే. అందులో రెండు నిషాదాలు ఉన్నాయి. ఒకే బెర్తు మీద ఇద్దరు ప్రయాణికులు టికెట్లు చూపించుకుంటున్నట్టు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. అచ్చమైన వివాది.

సారు చూపించినప్పుడు సరేనన్నాను. ప్రార్థనలో మాత్రం రెండిట్లో అరమెట్టు తక్కువదైన కింది నిషాదాన్ని తీసేసి, రిషభాన్ని దాని చోట్లో పెట్టేసి, శుభ్రమైన ప, ని, రి, మ వాయించేదాన్ని. సారు రెండు శనివారాలు ఓపిక పట్టారు.

"ఏందమ్మా, నేను వేసిన కార్డుని వాకిలి ఊడ్చినట్టు ఊడ్చేస్తా ఉండావు?"

"అపస్వరం సార్ అది."

ఆయనకి కోపం రాలేదు. నన్ను లేవమని, బెంచీ మీద తను కూర్చున్నారు. ఎడమచేత్తో ప, పై నిషాదం, మ నొక్కారు. "ఇది బాగుండాదా?" అన్నారు. బాగుంది. అది తీసేసి కుడిచేత్తో కోమలమైన గాంధారం, పంచమం, కింది నిషాదం నొక్కారు. అది ఇంకా బాగుంది, పెళ్లిలో సన్నాయి తర్వాత వచ్చే నిశ్శబ్దంలా. ఇప్పుడు రెండు చేతులూ కలిపారు. హాలంతా జగడం.

"ఇద్దరూ మంచోళ్లే గదా. మరి గొడవెందుకు?" అంటూనే వేళ్లు మెల్లగా ఒక్కొక్కటీ కదిపారు. పై నిషాదం ఒక అరమెట్టు ఎక్కి షడ్జమంలో కూర్చుంది. మధ్యమం అరమెట్టు దిగి గాంధారమైంది. కోమల గాంధారం అరమెట్టు పైకి జరిగి దానితోనే కలిసింది. నేను ఊడ్చేసిన కింది నిషాదం ధైవతం మీదుగా దిగి పంచమానికి చేరింది. ఎవరూ దూరం పోలేదు. అంతా ఇంటి గడప దగ్గరే నిలబడి కొట్లాడుకుంటున్నారు, ఒక్క అడుగు వేస్తే లోపలే. ఆ చేరడంలో ఉన్న హాయి మామూలు డామినెంటులో నేనెప్పుడూ వినలేదు. "ఇంకోసారి సార్" అన్నాను. ఆ రోజు ఆయన రైలు తప్పిపోయింది.

ఇంత మంచి సంగతి దొరికాక అత్తకి చూపించకుండా ఎలా ఉంటాను? నా దగ్గర ఒక చిన్న ఎలక్ట్రిక్ కీబోర్డు ఉండేది. దానికి శ్రుతి మార్చే మీట ఉంటుంది. అది నొక్కితే మనం వాయించేది ఒకే చోటైనా మోగేది ఏ శ్రుతిలో కావాలంటే ఆ శ్రుతిలో. ఆదివారం దాన్ని సంచిలో కట్టుకుని చిత్తూరు బస్సెక్కాను. అత్త శ్రుతి ఐదు, అంకె పెరిగేకొద్దీ గొంతు ఎత్తు. మీట ఐదుకి పెట్టి, పాఠం అయ్యాక, పిల్లలంతా వెళ్లిపోయాక, ఆమె ముందు కూర్చున్నాను.

"అత్తా, ఒకటి వినిపిస్తాను. తిట్టకూడదు."

"తిట్టేదైతే నువ్వే ముందు సెప్తావు గదా. కానీ."

ఎడమచేయి విడిగా, కుడిచేయి విడిగా సారు చేసినట్టే వాయించాను. తలూపింది. రెండూ కలిపి గట్టిగా నొక్కాను. అత్త కళ్లు పెద్దవయ్యాయి. రెండు నిషాదాలూ ఆమె ముందు గదిలో, ఆమె శ్రుతిలో, నిలబడి తోసుకుంటున్నాయి. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

చిత్తూరులో కరెంటు పోవడం వింత కాదు. కీబోర్డులో బ్యాటరీలు లేకపోవడమే నా ఖర్మ. కార్డు అలా గాల్లో తెగిపోయింది. వేళ్లు కదిపాను, చప్పుడు లేదు. చీకటి పడుతున్న గదిలో అత్త, "ఉండు, మధ్యమావతి పాడేస్తా" అని గొంతు సవరించుకుంది. నడవాలోంచి మామ, "టార్చిలైటు యాడ పెట్టినావు?" అని అరిచాడు. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, దోమలు, వంటింట్లో పొంగిన పాలు. ఆ గడబిడలో నాకు బస్సు టైమైంది. ఎవరూ వాకిలి మూయలేదు.

తర్వాతి వారం వెళ్తే అత్త గొంతు బొంగురుపోయి ఉంది. జలుబేమో అనుకున్నాం. మిరియాల కషాయం, తేనె, తమలపాకు రసం అన్నీ అయ్యాయి. నెల తిరిగినా తగ్గలేదు. పై షడ్జమం పోయింది, తర్వాత పంచమం పోయింది. చివరికి పిల్లలకి పాఠం మానేసింది.

"ఆ పొద్దు నువ్వు పోయినాక నేనే పాడుకుందామనుకుంటి మే," అంది ఒకరోజు, గరగరమనే గొంతుతో. "నోరు తెరిస్తే మధ్యమావతి లేయలే. నీ నిషాదాలు రెండూ ఈడనే కొట్టుకుంటా ఉండాయి." గొంతు మీద వేలు పెట్టి నవ్వింది. పరాచికానికే అంది. నేనూ నవ్వాను. బస్సులో మాత్రం నవ్వు రాలేదు.

చదువుకున్నదాన్ని, వివాది దోషాలు నమ్మేంత వెర్రిదాన్ని కాదని నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను. ఎంత గట్టిగా చెప్పుకున్నానంటే, సోమవారం ప్రార్థనలో ఆ కార్డు దగ్గరకి వచ్చేసరికి చేయి దానంతటదే తప్పుకుంది. మళ్లీ పాత ప, ని, రి, మ. ఆ మర్నాడూ అంతే.

చిత్తూరు డాక్టరు అద్దం పెట్టి చూసి, స్వరపేటిక మీద గడ్డ ఉందని, రాయవేలూరు పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. మా వైపు వాళ్లకి రాయవేలూరు పేరు చెబితేనే సగం ప్రాణం పోతుంది. చిన్న రోగాలకి అక్కడికి ఎవరు పోతారు? నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. గడ్డ తీసేశారు. దాన్ని పరీక్షకి పంపించారు. ఫలితం వచ్చేదాకా ఆగాలన్నారు. ఏదేమైనా అత్త నెలపాటు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు. గుసగుస కూడా వద్దన్నారు.

"ఇన్నేండ్లకి ఈ ఇంట్లో నా మాట వినబడతాది" అన్నాడు మామ. అత్త దిండు తీసి ఆయన మీదికి విసిరింది. ఆయన నవ్వుతూనే బయటికి వెళ్లాడు. నేను కాఫీకని వెళ్తే, వరండా చివర కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. వెనక్కి వచ్చేశాను.

తిరుపతికి తిరిగొచ్చాక ఆ వారమంతా నాకు భయం. పూర్తి భయం. గడ్డ చెడ్డదైతే అత్త ఉంటుందా, మంచిదైనా ఆ గొంతు ఉంటుందా అని అన్నం ముందు కూర్చున్నా అదే, పిల్లల హాజరు తీసుకుంటున్నా అదే. శనివారం సారు వచ్చి, నేను ప్రార్థన గీతం వాయిస్తుంటే విని, "మళ్లా ఊడ్చేసినావే" అన్నారు. ఏడుపు ఆగలేదు. కరెంటు పోయిన సంగతి నుంచి రాయవేలూరు దాకా అంతా చెప్పేశాను.

ఆయన ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి నా చేతికిచ్చారు.

"గడ్డకీ కార్డుకీ సంబంధం లేదమ్మా, అది నీకూ తెలుసు. ఐనా నీ మనసుకి సెప్తా. ఆ కార్డు తప్పు కాదు. దాన్ని ఆడ వదిలేసేది తప్పు. యాభై ఏండ్లుగా వాయిస్తా ఉండా, ఒక్కనాడు కూడా ఇంటికి చేర్చకుండా మూత వేయలే."

"మరి కరెంటు పోయింది కదా సార్."

"దీనికి పోదు గదా," అని పియానో మీద చేత్తో తట్టారు.

సోమవారం ఆఫీసు గదిలోకి ఫోను వచ్చింది. ఎస్టీడీ బూత్ నుంచి మామ. మండీలో అరిచి అరిచి ఆయనకి ఫోనులో కూడా అరవడమే అలవాటు. "బాగుండావా మే? ఈడ ఎండలు ఎక్కువగా ఉండాయి. బెల్లం రేటు పడిపోయినాది..." "మామా!" అని అరిచాను.

"మంచి గడ్డేనంట మే! మంచిదంట! ఏం లేదంట! పిల్లకాయల మీద అరిసి అరిసి వచ్చిందంట!"

ఆఫీసులో అందరికీ వినబడింది. గుమాస్తా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, ఎందుకో తెలియకుండానే. నేను కుర్చీలో కూలబడి, రిసీవరు ఒళ్లో పెట్టుకుని, నవ్వుతూ ఏడ్చాను. గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. ఆ రోజు పిల్లలకి పాఠం చెప్పకుండా వాళ్లకి వచ్చిన పాటలన్నీ పాడించాను.

ప్రాణభయం తీరింది కానీ గొంతు సంగతి తేలలేదు. మౌనం అయ్యాక గొంతు ఎలా ఉంటుందో, ఏ శ్రుతికి దిగుతుందో చెప్పలేమన్నారు డాక్టర్లు. పాటవాళ్లకి శ్రుతి అంటే మామూలు విషయం కాదు. ఐదులో పాడిన మనిషి మూడున్నరకి దిగిపోతే, అది వేరే మనిషి గొంతు. అత్త ముందు ఎవరూ ఈ మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తే వీలు లేదు.

నాకేమో ఒకటే పట్టుదల పుట్టింది. ఆ కార్డుని అత్తకి పియానో మీద, ఆమె శ్రుతిలోనే, మొదలుపెట్టి పూర్తి చేసి వినిపించాలి. పియానోకి శ్రుతి మార్చే మీట ఉండదు. నాకు వచ్చింది ఒక్క శ్రుతిలోనే, అదీ తెల్ల మెట్ల మీద. ఐదు శ్రుతికి మార్చాలంటే అన్ని వేళ్లూ కొత్త చోట్లు వెతుక్కోవాలి, నల్ల మెట్ల మీదికి ఎక్కాలి. సాయంత్రాలు స్కూలు వదిలాక కూర్చునేదాన్ని. మొదట్లో ఘోరం. వాచ్‌మన్ వచ్చి, "టీచరమ్మా, పిల్లి ఏమన్నా దూరిందా?" అని అడిగాడు. వయసులో పెద్దవాడైపోయాడు, లేకపోతే నా నోటికి పని చెప్పేదాన్ని. ఐదు వచ్చాక, ఎందుకైనా మంచిదని నాలుగున్నర, నాలుగు కూడా నేర్చుకున్నాను. మూడున్నర మాత్రం నేర్చుకోబుద్ధి కాలేదు.

నెల గడిచింది. రాయవేలూరులో మళ్లీ చూసి, పుండు మానిందని, ఇక మెల్లగా మాట్లాడవచ్చని చెప్పారు. ఆ సాయంత్రం మామ మళ్లీ ఫోను చేశాడు. ఈసారి గొంతులో భయం.

"డాక్టరు మాట్లాడమన్నా మీ అత్త నోరు తెరవడం లేదు మే. బస్సులో అడిగినా, ఇంటికి వచ్చినాక అడిగినా, తల అడ్డంగా ఊపుతాది. మీ తిరుపతి పక్కకి చెయ్యి చూపిస్తాది. ఏంటికో నాకు తెలీలే."

నాకు తెలిసింది, ఆ రోజు మూయని వాకిలి సంగతి. "ఆదివారం స్కూలుకి తీసుకురా మామా" అన్నాను.

ఆదివారం హాలు ఖాళీగా ఉంది. అత్త జరీ చీర కట్టుకుని వచ్చింది, కచేరీకి వచ్చినట్టు. చిక్కిపోయింది. పియానో చుట్టూ ఒకసారి తిరిగింది, వంగి దాని వెనక చూసింది, గోడ వైపు చూసింది. మామ ఆమె బదులు అడిగాడు.

"వైరు యాడుండాది?"

"పియానోకి కరెంటు అక్కర్లేదు మామా."

అత్త గట్టిగా తలూపి, ముందు బెంచీ మీద కూర్చుని కానీయమన్నట్టు చేయి చూపింది. నేను ఏ శ్రుతిలో వాయించాలి? నాలుగులో మొదలుపెడితే ఆమెకి సుఖంగా ఉంటుందేమో. కానీ నాలుగులో మొదలుపెడితే ఐదు పోయిందని ముందే ఒప్పుకున్నట్టు. ఐదులోనే పెట్టాను. ఎడమచేయి, తర్వాత కుడిచేయి, తర్వాత రెండూ కలిపి. రెండు నిషాదాలూ హాల్లోకి దూకి, ఆ రోజు ఆగిన చోటనే నిలబడ్డాయి.

కదపబోతుంటే అత్త చేయెత్తి ఆగమంది.

పియానో కార్డు అలా ఎంతోసేపు నిలవదు. కాలి కింద పెడలు తొక్కి పట్టుకుంటే మోగుతూ మోగుతూ సన్నబడిపోతుంది. అత్త కళ్లు మూసుకుని ఆ జగడాన్నంతా వింటోంది. శబ్దం సన్నబడుతోంది. ఇది కూడా గాల్లోనే పోతుందేమోనని పెడలు ఇంకా గట్టిగా తొక్కి పట్టాను. ఇక దాదాపు ఏమీ వినబడని చోట అత్త నోరు తెరిచింది.

షడ్జమం. ముందు గాలి వచ్చింది, తర్వాత కొంచెం గరగర, ఆ తర్వాత గొంతు. అత్త గొంతు. నా వేళ్లు వాటంతటవే దిగాయి, నిషాదం ఎక్కి ఆమె పక్కన కూర్చుంది, మిగతావి తమ తమ చోట్లలోకి పోయాయి. చూసుకుంటే అది ఐదు శ్రుతే. అరమెట్టు కూడా తగ్గలేదు. అక్కడి నుంచి ఆమె చిన్నగా, పసిపిల్లకి పాడినట్టు, మధ్యమావతి ఎత్తుకుంది. నేను షడ్జమం, పంచమం రెండే పట్టుకుని, ఏడుస్తూ కూర్చున్నాను. మామ వెనక బెంచీలో కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడో ఏడ్చాడో నేను అడగలేదు.

పాట అయిపోయాక అత్త కొంగుతో పెదాలు తుడుచుకుంది. నెల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట కోసం ఇద్దరం చూస్తున్నాం.

"ఆ రెండు నిషాదాలూ ఇంగోసారి వాయించు మే," అంది. "ఈసారి నిదానంగా."